దారి తప్పినా పర్వాలేని చోట ఒక రాత్రి

ప్రశ్న: మాది రాయగడ. తాతల కాలంలో పార్వతీపురం నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాం. ఏటా కార్తీక మాసంలో చుట్టాలం, స్నేహితులం కలిసి హాతీపథర్ దగ్గరో మరోచోటో పిక్నిక్ చేసుకుంటాం. పోయిన అక్టోబరులో దేవమాలి వెళ్ళాం. కారు కింద ఆపి, సరదాగా పక్క కొండ మీదికి నడిచాం. పావుగంటలో మబ్బు కమ్మేసింది. ఫోన్లో సిగ్నల్ లేదు, మ్యాప్ తెరుచుకోలేదు. మళ్ళీ కారు దగ్గరికి చేరడానికి గంటన్నర పట్టింది. మా అమ్మాయి ఏడ్చేసింది. అప్పటి నుంచి మా అబ్బాయి (తొమ్మిదో తరగతి, ఎన్‌సీసీలో ఉన్నాడు) మ్యాప్, కంపాస్ పట్టుకుని దారి కనుక్కోవడం అందరం నేర్చుకుందాం, టెంట్లు వేసుకుని ఒక రాత్రి అడవిలో ఉందాం అని పట్టుబట్టాడు. మా బావమరిది కుటుంబం, ఇద్దరు స్నేహితుల కుటుంబాలు సరే అన్నాయి. నియమగిరికి పోదామని ఒకరు, మహేంద్రగిరి అని ఒకరు, మళ్ళీ దేవమాలికే అని ఒకరు. మా ఆవిడకి పాములు, బాత్రూమ్ అంటే టెన్షన్. మా అత్తగారైతే "పిల్లల్ని వేసుకుని రాత్రిపూట అడవిలో పడుకోవడమేంటి బాబూ" అంటున్నారు. ఎక్కడికి వెళ్ళాలి? ఎవరి అనుమతి కావాలి? ఏం నేర్చుకోవాలి?

జవాబు: తప్పకుండా వెళ్ళండి. మబ్బులో గంటన్నర తిరిగొచ్చాక "ఇంకెప్పుడూ వద్దు" అనకుండా "నేర్చుకుందాం" అన్న పిల్లవాణ్ణి నిరుత్సాహపరచకూడదు. కానీ మీ వాళ్ళు చెప్పిన మూడు చోట్లలో దేనికీ మొదటి రాత్రికి వెళ్ళకండి.

నియమగిరి డొంగ్రియా కోంధు గిరిజనులకు దేవుడు. ఆ కొండ నియమరాజా కొలువు. 2013లో సుప్రీంకోర్టు చెప్పిన మీదట గ్రామసభలు పెడితే, పన్నెండుకు పన్నెండు పల్లెలూ బాక్సైట్ తవ్వకం వద్దన్నాయి. అంత పోరాడి కాపాడుకున్న కొండ మీద, ముక్కూ మొహం తెలియని మనం పది మందిమి వెళ్ళి టెంట్లు పాతడం బాగుండదు. అక్కడి వాళ్ళెవరైనా మీకు తెలిసి, రమ్మని పిలిస్తే అది వేరే సంగతి.

మహేంద్రగిరి శివరాత్రికి మనవాళ్ళు ఎంతోమంది ఎక్కే కొండే. ఆ పరిచయం వల్లే భయం ఉండదు. కానీ ఆ కొండ ఉన్న గజపతి జిల్లాలోనే లఖారి లోయ అభయారణ్యం ఉంది, అది ఏనుగుల చోటు. మీ తాతగారి ఊరు పార్వతీపురం చుట్టుపక్కల ఇన్నేళ్ళుగా పొలాల మీద పడుతున్న ఏనుగులు వచ్చింది కూడా అటునుంచే. జనం మధ్య పండగ రోజు కొండెక్కడం వేరు, మామూలు రోజు పిల్లలతో గుడ్డ టెంటులో పడుకోవడం వేరు.

ఇక దేవమాలి. 1,672 మీటర్లు, ఒడిశాలోకెల్లా ఎత్తైన శిఖరం. పైదాకా రోడ్డు పడింది కాబట్టి డిసెంబరు శని, ఆదివారాల్లో కార్లు, స్పీకర్లు, బిర్యానీ డబ్బాలు. చెట్టు చాటు లేని గడ్డికొండ, రాత్రంతా గాలి. పడుకోవడానికి పనికిరాదు గానీ పగటిపూట పాఠానికి అంత మంచి కొండ ఈ చుట్టుపక్కల లేదు. చెట్లు లేకపోవడం వల్ల కొండ ఒంపులన్నీ విప్పి చూపించినట్టు కనిపిస్తాయి. మ్యాప్‌లో ఒకే ఎత్తున్న చోట్లని కలిపే కాంటూరు గీతలకీ ఎదురుగా ఉన్న కొండకీ పోలిక అక్కడ ఇట్టే తెలుస్తుంది. రాత్రి బసకి ముందు ఒక ఆదివారం, ఆకాశం తేటగా ఉన్నప్పుడు, అక్కడికి వెళ్ళి రెండు గంటలు మ్యాప్ చూసుకుని చీకటి పడకముందే ఇంటికి వచ్చేయండి.

మరి రాత్రికి ఎక్కడ? దారి కనుక్కోవడం రావాలంటే కాస్త దారి తప్పాలి. తప్పానని తెలుసుకుని, ఎక్కడ తప్పానో వెతుక్కుని, మళ్ళీ సరైన చోటికి చేరినప్పుడే అది మనసులో నాటుకుంటుంది. కాబట్టి మీకు కావలసింది గొప్ప అడవి కాదు, పెద్ద కొండా కాదు. ఎటు తప్పినా అరగంటలో ఏదో ఒక స్పష్టమైన గుర్తు అడ్డం తగిలే చిన్న ప్రదేశం కావాలి. ఒక వైపు తారు రోడ్డు, ఒక వైపు గెడ్డ (వాగు), ఇంకో వైపు రైలు పట్టాలు. మధ్యలో రెండు మూడు కిలోమీటర్ల మేర గుట్టలు, తోటలు, పోడు భూములు, ఒకటో రెండో పల్లెలు. రాయగడ నుంచి కోరాపుట్ వెళ్ళే 326వ నంబరు జాతీయ రహదారి, కోరాపుట్–రాయగడ రైలు మార్గం చాలా దూరం ఒకే దిక్కుగా సాగుతాయి. లక్ష్మీపూర్, కాకిరిగుమ్మ వైపు మ్యాప్ పరిచి చూస్తే ఇలాంటి చోట్లు మీకే దొరుకుతాయి. మీ స్నేహితుల్లో ఎవరికైనా ఆ వైపు జీడితోటో నీలగిరి తోటో ఉంటే ఇంకేం కావాలి. ఒక్క షరతు: రైలు పట్టాలు మీకు ఎల్లలే. పిల్లలు వాటిని దాటకూడదు, సొరంగాల వైపు అసలు వెళ్ళకూడదు.

అనుమతి సంగతి. రిజర్వు ఫారెస్టులో అటవీ శాఖ అనుమతి లేకుండా బస చేయడం, నిప్పు పెట్టడం నేరం. అభయారణ్యమైతే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం లోపల అడుగు పెట్టడానికే పర్మిట్ కావాలి. మ్యాప్ మీద రిజర్వు ఫారెస్టు హద్దు చుక్కల గీతతో ఉంటుంది, నేల మీద హద్దు రాళ్ళు ఉంటాయి. మీరు ఆ హద్దు బయట, ఎవరిదో పట్టా భూమిలో, యజమానిని అడిగి ఉండండి. మీకు అడవిలోనే ఉండాలనిపిస్తే అటవీ శాఖ వాళ్ళ నేచర్ క్యాంపులు ఉన్నాయి, ముందుగా బుక్ చేసుకోవచ్చు. కుటుంబాలతో మొదటిసారికి అదీ మంచి పద్ధతే.

భూమి ఎవరిదైనా, దగ్గరి పల్లెకి వారం ముందే వెళ్ళి నాయకుణ్ణి కలవండి. మీకు ఒడియా వచ్చు కదా, ఈ కొండల్లో అందరికీ అర్థమయ్యే దేశియా మాట నాలుగు ముక్కలు నేర్చుకున్నా చాలు. పిల్లలని కూడా తీసుకెళ్ళండి. చేతిలో ఐదొందలు పెట్టి వచ్చేయకండి. వాళ్ళ దగ్గర మండియా (రాగి) పిండి, కూరగాయలు, నాటుకోడి కొనండి. ఆ ఊరి కుర్రాడొకణ్ణి రోజు కూలి ఇచ్చి వెంట ఉండమనండి. ఎలుగుబంటి ఏ వైపు తిరుగుతుందో, ఏ గెడ్డ నీళ్ళు మంచివో, ఏ చెట్టు కింద వాళ్ళ దేవత ఉందో చెప్పేది అతనే. నవంబరు, డిసెంబరు నెలల్లో కళ్ళాలు సాగుతుంటాయి, కళ్ళం మీదుగా నడవకండి. వలిసె పూల చేలు పచ్చగా ఊరిస్తుంటాయి, ఫొటోల కోసం లోపలికి దిగితే అది ఒక కుటుంబం నూనె గింజల పంట. అలాగే స్థానిక పోలీసు స్టేషన్లో ఎంతమంది, ఏ రాత్రి, ఎక్కడ అని కాగితం మీద రాసి ఇవ్వండి. భద్రతా బలగాలు తిరిగే ప్రాంతాల్లో చీకట్లో టార్చిలైట్లు కదిలితే వాళ్ళకి అనుమానం రావడం సహజం.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. మ్యాప్ అంటే ఫోన్లోది కాదు, కాగితం. 1767 నుంచి ఈ దేశాన్ని కొలుస్తున్న సర్వే ఆఫ్ ఇండియా వాళ్ళ టోపో షీట్లు (నేల ఎత్తుపల్లాలు చూపించే మ్యాపులు) ఆన్‌లైన్‌లో డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. 1:50,000 స్కేలు. అంటే కాగితం మీద రెండు సెంటీమీటర్లు నేల మీద ఒక కిలోమీటరు. మీకు కావలసిన ముక్కని స్కేలు మారకుండా ప్రింటు తీయించి, ఇద్దరికొకటి చొప్పున ప్లాస్టిక్ కవర్లో పెట్టండి. ప్రింటు షాపులో "పేజీకి సరిపోయేలా" అన్న ఆప్షన్ పెట్టేస్తే స్కేలు చెడిపోతుంది. గళ్ళ మీద స్కేలుబద్ద పెట్టి చూసుకుని అప్పుడే డబ్బులివ్వండి. ఈ షీట్లలో కొన్ని పాతవి. కొత్త రోడ్లు, చెరువులు ఉండకపోవచ్చు. కొండలు, గెడ్డలు మాత్రం కదలవు. అందుకే పిల్లలకు రోడ్ల కన్నా ముందు నేల ఆకారం చదవడం నేర్పాలి.

కాంటూరు గీతలు అర్థం కావడానికి ఒక పని చేయండి. మీ అమ్మాయిని పిడికిలి బిగించి బల్ల మీద పెట్టమనండి. బల్లకి కాస్త పైన పిడికిలి చుట్టూ పెన్నుతో ఒక గీత గీయండి. ఇంకొంచెం పైన మరో గీత, వేళ్ళ కణుపుల చుట్టూ చిన్న చిన్న వలయాలు. అలా పైదాకా గీశాక చెయ్యి చాపమనండి. నాలుగు కణుపులు నాలుగు శిఖరాలు. వాటి మధ్య పల్లాలు కనుమలు. గీతలు దగ్గరగా ఉన్న వైపు ఎక్కుడు నిలువుగా ఉన్నట్టు, ఎడంగా ఉన్న వైపు వాలుగా ఉన్నట్టు. అన్నయ్య నాలుగు రోజులు చెప్పినా ఎక్కనిది ఆ పిల్లకి ఐదు నిమిషాల్లో ఎక్కుతుంది. మన షీట్లలో గీతకీ గీతకీ మధ్య ఎత్తు 20 మీటర్లు. గెడ్డ దగ్గర గీతలు మొన తేలి వంగుతాయి, ఆ మొన ఎప్పుడూ ఎగువనే చూపిస్తుంది. ఈ ఒక్క సూత్రంతో నీళ్ళు ఎటు పారుతున్నాయో మ్యాప్ చూసి చెప్పేయొచ్చు. చాలామంది పెద్దవాళ్ళు తికమకపడేది ఇక్కడే. గట్టునీ లోయనీ తారుమారు చేసుకుంటారు.

మ్యాప్ అంచున జోన్ నంబరు కూడా చూసుకోండి. భూమిని నిలువు పట్టీలుగా విడదీసి గళ్ళు గీసే పద్ధతి పేరు యూటీఎం, ఒక్కో పట్టీ ఒక జోన్. రాయగడ, గుణుపూర్, కోరాపుట్ 44వ యూటీఎం జోన్‌లోకి వస్తాయి. 84 డిగ్రీల రేఖాంశం దాటితే, అంటే పర్లాకిమిడి నుంచి, 45వ జోన్. ఫోన్ యాప్‌లో వచ్చిన అంకెలనీ కాగితం మీది గళ్ళనీ పోల్చి చూసేటప్పుడు ఇది తెలియకపోతే తల పట్టుకోవాల్సి వస్తుంది.

కంపాస్ విషయంలో మనకు ఒక సుఖం ఉంది. విదేశీ పుస్తకాలు, వీడియోలు అయస్కాంత ఉత్తరం వేరు, అసలు ఉత్తరం వేరు, ఇన్ని డిగ్రీలు కలపండి, తీసేయండి అని పేజీలకు పేజీలు చెబుతాయి. మన ప్రాంతంలో ఆ తేడా ఒక డిగ్రీ లోపే. పిల్లలకు ఆ లెక్క ఇప్పుడు చెప్పకండి. దానికి బదులు కంపాస్‌ని చెడగొట్టేవేంటో చూపించండి. జేబులో ఫోన్, మెడలో అయస్కాంతం ఉన్న బ్యాగు క్లిప్పు, కారు బానెట్, తల పైన హైటెన్షన్ తీగలు. ముల్లు పక్కన ఫోన్ పెట్టి అది ఎలా తిరుగుతుందో మీ అబ్బాయి చేతే చూపించండి. కొనేటప్పుడు అడుగున పారదర్శకంగా, స్కేలుబద్దతో ఉండే రకం తీసుకోండి. ముల్లు అడుగుకి రాసుకోకుండా తేలిగ్గా తిరగాలి.

ముందు ఇంటి దగ్గరే మొదలుపెట్టండి. మీ వీధి నుంచి మజ్జిగౌరమ్మ గుడిదాకా మ్యాప్ చూస్తూ నడవండి. మ్యాప్‌ని ఉత్తరానికి తిప్పి పట్టుకోవాలి, మనం తిరిగినా మ్యాప్ తిరగకూడదు. ఇప్పుడు ఎక్కడున్నామో అక్కడ బొటనవేలు ఉంచి, నడుస్తున్న కొద్దీ జరపాలి. ఇంతే, కానీ ఇదే సగం విద్య. దారి తప్పేది చాలావరకు తెలియని చోట కాదు, కబుర్లలో పడి బొటనవేలు జరపడం మరిచిపోయిన చోట. వంద మీటర్లు కొలిచి ఒక్కొక్కరు ఎన్ని అడుగుల్లో నడుస్తారో లెక్కపెట్టి రాసుకోండి. కుడికాలు పడినప్పుడు మాత్రమే లెక్కపెడితే సులువు. పెద్దవాళ్ళకి అరవై, అరవై ఐదు వస్తుంది. పిల్లలకి ఎక్కువ. ఎవరి లెక్క వాళ్ళదే.

సమయం అంచనాకు 1892లో నైస్మిత్ అనే స్కాట్లండ్ పర్వతారోహకుడు చెప్పిన లెక్క ఇప్పటికీ పనికొస్తుంది. గంటకు ఐదు కిలోమీటర్లు, ఎక్కే ప్రతి 600 మీటర్లకు ఇంకో గంట. అది గట్టి నడకగాళ్ళ లెక్క. మీ బృందానికి దానికి సగం కలపండి. డిసెంబరులో కోరాపుట్ వైపు సాయంత్రం ఐదుంబావు దాటితే సూర్యుడు దిగిపోతాడు, కొండ చాటున ఉంటే ఇంకా ముందే. మధ్యాహ్నం నాలుగుకల్లా టెంట్లు నిలబడాలి. ఇందులో రాజీ వద్దు.

రోజు పాఠం ఇలా ఉండనివ్వండి. ఉదయం పదికి చేరుకుని, బస చోటు చూసుకుని, సామాను దించండి. తర్వాత ఇద్దరిద్దరుగా, ఒక పెద్ద, ఒక పిల్ల జోడీలుగా విడిపోండి. మ్యాప్ పిల్లల చేతిలోనే ఉండాలి. పెద్దవాళ్ళకి తెలిసినా చెప్పకూడదు, ఫోన్ జేబులోంచి తీయకూడదు. ఒక గుట్ట, ఒక కల్వర్టు, రెండు గెడ్డలు కలిసే చోటు, ఇలా అర కిలోమీటరు దూరంలో ఉన్న గుర్తులు ఇచ్చి, వెళ్ళి చూసి రమ్మనండి. దారి తప్పుతున్నారని తెలిసినా పావుగంట ఊరుకోండి. నోరు మూసుకోవడం తండ్రులకు చాలా కష్టమైన పని, నాకు తెలుసు. కానీ "అటు కాదురా" అన్న క్షణంలో ఆ పిల్లవాడు మ్యాప్ చూడటం మానేసి మీ మొహం చూడటం మొదలుపెడతాడు.

ఒక చిట్కా తప్పకుండా నేర్పండి. గెడ్డ మీద వంతెన దగ్గరికి చేరాలనుకోండి. కంపాస్‌ని సరిగ్గా వంతెనకే గురిపెట్టి నడిస్తే, గెడ్డ తగిలాక వంతెన కనిపించకపోతే ఎటు తిరగాలి? కుడికా, ఎడమకా? తెలియదు. ఐదు డిగ్రీలు పక్కకి పోతే కిలోమీటరు నడిచేసరికి దాదాపు 87 మీటర్లు తేడా వస్తుంది, ఎటువైపు వచ్చిందో మనకి తెలియదు. అందుకని కావాలనే వంతెనకి బాగా ఎడమ పక్కకి గురిపెట్టి నడవాలి. అప్పుడు గెడ్డ తగలగానే కుడికి తిరిగితే చాలు, వంతెన వచ్చి తీరుతుంది. మీరు దేవమాలి దగ్గర మబ్బులో కారు కోసం చేయాల్సింది ఇదే. రోడ్డు ఎటుందో తెలుసు కదా. కారుకు గురిపెట్టకుండా రోడ్డుకు గురిపెట్టి, కారు కుడివైపు మిగిలేలా దిగితే సరిపోయేది.

దారి అడగడం కూడా ఈ విద్యలో భాగమే. "ఈ దారి ఫలానా ఊరికి పోతుందా?" అని అడగొద్దు. అడిగినవాణ్ణి నొప్పించడం ఎందుకని మంచి మనుషులు తలూపేస్తారు. "ఈ దారి ఎక్కడికి పోతుంది?" అని అడగండి. ఆ తర్వాత "నడిచి వెళ్తే పొద్దు ఎక్కడిదాకా వస్తుంది?" అని అడిగి, ఆకాశం వైపు చెయ్యి చూపించమనండి. కిలోమీటర్ల కన్నా అది నమ్మకమైన లెక్క.

ఈ ప్రాంతానికే చెల్లిన ఒక అందమైన సంగతి పిల్లలకు చూపించండి. మన దేశం గడియారాలన్నీ నడిచేది 82½ డిగ్రీల రేఖాంశం మీది సూర్యుణ్ణి బట్టి. ఆ రేఖ జయపురం, కోరాపుట్‌ల పక్కనుంచే పోతుంది. కాబట్టి డిసెంబరు చివరి వారంలో గడియారం పన్నెండు కొట్టినప్పుడు ఇక్కడ సూర్యుడు సరిగ్గా దక్షిణాన ఉంటాడు, పాతిన కర్ర నీడ సరిగ్గా ఉత్తరాన్ని చూపిస్తుంది. జనవరి నెలాఖరుకి అది పన్నెండు నిమిషాల దాకా ఆలస్యమవుతుంది, అంతే. ముంబైలోనో గౌహతిలోనో ఉన్న పిల్లలకు ఈ సౌకర్యం లేదు. టెంటు దగ్గర కర్ర పాతించి, నీడ పక్కన కంపాస్ పెట్టి పోల్చమనండి.

తేదీ ఎంచుకునేటప్పుడు పంచాంగం చూడండి. శుక్ల పక్షం సప్తమి, అష్టమి అయితే బాగుంటుంది. చంద్రుడు అర్ధరాత్రికి అస్తమిస్తాడు. భోజనాల వేళ, నడక వేళ వెన్నెల ఉంటుంది. తెల్లవారుజామున లేచేవాళ్ళకి నక్షత్రాలు దొరుకుతాయి. ధ్రువ నక్షత్రం మనకి దాదాపు 19 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. చెయ్యి చాచి పిడికిలి మీద పిడికిలి పెడితే రెండు పిడికిళ్ళు. అందుకే ఉత్తరాన కొండ అడ్డుంటే అది కనిపించదు. బస చేసే చోటు ఉత్తరం వైపు తెరిపిగా ఉండేలా చూసుకోండి. డిసెంబరు తొలిరాత్రి సప్తర్షులు కింద ఉంటారు, వెతికితే దొరకరు. ఇంగ్లిషు డబ్ల్యూ అక్షరంలా ఉండే శర్మిష్ఠ రాశిని పట్టుకుని ధ్రువుడి వైపు రావాలి. వేటగాడి ఆకారంలో ఉండే ఒరాయన్ చుక్కల గుంపు నడుముకి ఉన్న మూడు చుక్కల పట్టీ దాదాపు నేరుగా తూర్పున పొడుస్తుంది. కొండలు అడ్డం లేని చోట అదొక కంపాస్.

భోజనాలయ్యాక ఒక చిన్న రాత్రి నడక పెట్టండి. రెండు వందల మీటర్లు చాలు. అవతల చివర మీ బావమరిదిని టార్చి ఆర్పుకుని కూర్చోమనండి. ఊరి కుర్రాడు ఆయనతో ఉండాలి. జోడీలు కంపాస్ డిగ్రీ పెట్టుకుని అడుగులు లెక్కపెడుతూ ఆయన్ని చేరుకోవాలి. చీకట్లో అడుగు చిన్నదవుతుంది, పగటి లెక్క తప్పుతుంది. దారిలో గొయ్యి, రాయి, గెడ్డ లేని నేలని వెలుతురులోనే చూసి ఉంచుకోండి. అందరూ బూట్లు, పొడుగు ప్యాంట్లు వేసుకోవాలి. ఇంకో మాట నేరుగా చెబుతాను, మీ స్నేహితులకు కోపం వచ్చినా పర్వాలేదు. ఆ రాత్రికి మందు వద్దు. పిల్లల ప్రాణాలు పెద్దవాళ్ళ తెలివి మీద ఆధారపడిన రాత్రి అది.

ప్రతి పిల్ల మెడలో ఒక విజిల్ వేయండి. ఒంటరిగా మిగిలిపోతే చేయాల్సింది ఒక్కటే: దగ్గర్లో ఉన్న చెట్టు దగ్గర ఆగిపోవడం, నిమిషానికి ఆరుసార్లు ఊదడం, నిమిషం ఆగి మళ్ళీ ఊదడం. ఇది కొండల్లో ప్రపంచమంతా వాడే సంకేతం. విన్నవాళ్ళు నిమిషానికి మూడుసార్లు బదులిస్తారు. మబ్బు కమ్మినప్పుడు పెద్దవాళ్ళకీ ఇదే నియమం. ముందు ఆగండి. ఫోన్‌ని తోడు తీసుకెళ్ళండి, ఆఫ్‌లైన్ మ్యాప్ ముందే ఎక్కించుకోండి. సిగ్నల్ లేకపోయినా జీపీఎస్ పనిచేస్తుంది. ఆ రోజు మీ దగ్గర తెరుచుకోనిది మ్యాప్ బొమ్మ, మీరున్న చోటు ఫోన్‌కి తెలుసు. కానీ దాన్ని సాయంత్రం తప్పొప్పులు చూసుకోవడానికి, ఆపదకి మాత్రమే బయటికి తీయండి.

ఇక మీ ఇంటావిడ టెన్షన్. అది అనవసరపు భయం కాదు, దాన్ని తీర్చాల్సిన బాధ్యత మీదే. పగలే ఒక మూల చూసి, నీళ్ళకి కనీసం అరవై మీటర్ల దూరంలో, జానెడు లోతు గొయ్యి తవ్వి, నాలుగు కర్రలకి పాత చీరలు కట్టి తడిక చేయండి. పక్కన మట్టి కుప్ప, చిన్న పార, బకెట్ నీళ్ళు, టార్చి. ఆడవాళ్ళు అడగకముందే ఇది తయారైతే సగం టెన్షన్ తగ్గుతుంది. పాముల విషయంలో కట్లపాము గురించి తెలుసుకోండి. అది రాత్రిళ్ళు తిరుగుతుంది, నేల మీద పడుకున్నవాళ్ళని కరుస్తుంది, చాలాసార్లు కాటు నొప్పి కూడా తెలియదు. కాబట్టి అడుగు కుట్టి ఉన్న, జిప్పు పూర్తిగా మూసుకునే టెంటే కావాలి. ఆరుబయట చాప వేసుకుని పడుకోవద్దు. బూట్లు టెంటు లోపలే పెట్టుకుని, పొద్దున దులిపి వేసుకోండి. తెల్లారి ఎవరికైనా కారణం లేకుండా కడుపునొప్పి వచ్చినా, కనురెప్పలు వాలిపోతున్నా, కాటు గుర్తు కనిపించకపోయినా సరే, వెంటనే ఆస్పత్రికి బయలుదేరాలి. కోయడం, తాడు బిగించడం వద్దు. కరిచిన చెయ్యో కాలో కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేయండి, సిగ్నల్ లేకపోతే మీ బండిలోనే. విరుగుడు మందు ఉన్న దగ్గరి ప్రభుత్వ ఆస్పత్రి ఏదో ముందే కనుక్కోండి. కోరాపుట్‌లో అయితే లక్ష్మణ్ నాయక్ పేరుతో మెడికల్ కాలేజీ ఆస్పత్రి ఉంది. ఒక బండి ఎప్పుడూ రోడ్డు వైపు తిప్పి, తాళం అందరికీ తెలిసిన చోట పెట్టి ఉంచండి.

చలిని తక్కువ అంచనా వేయకండి. రాయగడ వాళ్ళకి అలవాటైన చలి కాదు పైన. సిమిలిగుడ, పొట్టంగి వైపు శీతాకాలంలో పది డిగ్రీల లోపుకి పడిపోవడం మామూలే. చలి ఎక్కువగా లాగేది నేల నుంచే, కాబట్టి పైన కప్పుకునే దానికన్నా కింద పరుచుకునేదానికి ఎక్కువ శ్రద్ధ పెట్టండి. వంట గ్యాసు స్టవ్ మీద చేసుకోండి. నెగడు యజమాని సరేనంటేనే, చుట్టూ ఆకులు ఊడ్చి, పడుకునే ముందు నీళ్ళు పోసి చేత్తో తాకి చూసేలా.

మీ అత్తగారిని ఒప్పించే పని మాటలతో పెట్టుకోకండి. మ్యాప్ మీద బస చోటు గుర్తుపెట్టి, ఎవరెవరు వెళ్తున్నారో, ఏ ఊరి పక్కనో, ఊరి కుర్రాడి ఫోన్ నంబరు ఏదో రాసి ఆవిడ చేతికే ఇవ్వండి. "రేపు మధ్యాహ్నం పన్నెండుకల్లా నా ఫోన్ రాకపోతే, రెండింటికి ఈ స్టేషన్‌కి ఫోన్ చేయండి అత్తయ్యగారూ" అని చెప్పండి. ఎవరో ఒకరు ఇంటి దగ్గర ఈ కాగితం పట్టుకుని ఉండాల్సిందే. ఆ పని ఆవిడ అందరికన్నా బాగా చేస్తారు. ఆవిడ వద్దన్నది పిల్లల మీద ప్రేమతోనే కదా.

చివరిగా మలేరియా. కోరాపుట్, రాయగడ జిల్లాల్లో అది ఇంకా పోలేదు. దోమల మందు, నిండు చేతుల చొక్కాలు, టెంటు జిప్పు తప్పనిసరి. ఇంటికొచ్చాక వారం నుంచి నెలలోపు ఎవరికి జ్వరం వచ్చినా మామూలు జలుబని మాత్ర వేసి ఊరుకోకుండా ఆ రోజే రక్తపరీక్ష చేయించండి. కొండల్లో ఒక రాత్రి పడుకున్నామని డాక్టరుకి మొదటి మాటగా చెప్పండి.